మూడేళ్ల కార్స్ రోవర్ వాడకం: ఫిక్స్ బాగుంది, పేచీ అంతా దూరంతోనే

మాగాణి గట్టు మీద పది సెకన్లలో ఫిక్స్ (సెంటీమీటర్ల లెక్కలో పక్కా స్థానం) రావడం గురించి రోవర్, అంటే పోల్ మీద బిగించిన సర్వే జీపీఎస్ రిసీవర్, పట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. స్థిర స్టేషన్ల నుంచి సవరణలను మొబైల్ నెట్ మీద రోవర్‌కు పంపే కార్స్ సేవతో గుడివాడ చుట్టుపక్కల మూడేళ్లు పనిచేశాక మిగిలిన అసంతృప్తి ఒక్కటే. కంట్రోలర్ తెర మీద కనబడే దూరం నేల మీది దూరం కాదు, ఆ సంగతి అది చెప్పదు.

పాత ఎఫ్‌ఎంబీలో (పొలాల కొలతల సర్వే పుస్తకంలో) 1000 లింకుల గట్టు అంటే 201.17 మీటర్లు. టేపు పెడితే అంతే వస్తుంది. అదే గట్టు రెండు చివరలూ రోవర్‌తో పట్టి దూరం అడిగితే 201.09. ముందు పోల్ నిటారుగా ఉందో లేదో చూపే బబుల్‌ని అనుమానిస్తాం, తర్వాత ఫిక్స్ అబద్ధమేమో అనుకుంటాం. గంట ఆగి మళ్లీ పట్టినా అదే లెక్క. గుట్టు బయటపడేది పొడవు మార్చి చూసినప్పుడు: 100 మీటర్లకు 4 సెంటీమీటర్లు తక్కువ, 200కి 8, 400కి 16. పోల్ వంగినందువల్ల వచ్చే తప్పు ఇలా పొడవుతో పెరగదు. ఇది యూటీఎం స్కేలు: గుండ్రటి భూమిని జోన్లుగా విడదీసి బల్లపరుపు మ్యాపు మీదికి దించేటప్పుడు దూరం కాస్త కుదించుకుపోతుంది, లేదా సాగుతుంది. 44వ జోన్ మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు, దాదాపు గుడివాడ మీదుగానే పోతుంది. ఆ గీత మీద స్కేలు 0.9996.

జోన్ పడమటి అంచున ఉన్న కర్నూల్లో ఇది తిరగబడుతుంది. అక్కడ 100 మీటర్లకు దాదాపు 8 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఒకచోటి సవరణ ఇంకోచోట వాడితే తప్పు తగ్గకపోగా పెరుగుతుంది.

విస్తీర్ణంలో పెద్ద తేడా ఉండదు, గుడివాడలో పదెకరాలకు 0.8 సెంటు తక్కువ. గొడవంతా హద్దు రాళ్ల దగ్గరే. ఎఫ్‌ఎంబీలోని 400 మీటర్లను గ్రిడ్ (మ్యాపు మీది) దూరంగా కొట్టి రాయి పాతితే, అది 16 సెంటీమీటర్లు ముందుకు, పక్క చేలోకి పోతుంది. సన్న గట్టుకు అది సగం వెడల్పు.

మందు సెట్టింగుల్లోనే ఉంది: దూరాన్ని గ్రిడ్ నుంచి గ్రౌండ్‌కి, అంటే నేల మీది దూరానికి, మార్చాలి. ఈ కంట్రోలర్లో ఆ మీట మూడు మెనూల లోపల దాగి ఉంది, పైగా కొత్త జాబ్ తెరిచిన ప్రతిసారీ మళ్లీ గ్రిడ్‌కే పోతుంది. అసలు కోపం దానిమీదే. కోఆర్డినేట్లను మాత్రం స్కేలుతో గుణించకండి, పక్క ఊరి మ్యాపుతో అతకవు. సముద్రమట్టం నుంచి ఎత్తు వల్ల దూరానికి చేయాల్సిన సవరణను డెల్టాలో వదిలేయొచ్చు. మదనపల్లె లాంటి మెట్ట ఎత్తులో 100 మీటర్లకు సెంటీమీటరు దాకా ఉంటుంది.

పైన చెప్పిన పది సెకన్లు పొద్దుటి పూట మాట. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మన అక్షాంశాల్లో అయనోస్ఫియర్ (ఉపగ్రహ సిగ్నల్‌ను ఆలస్యం చేసే పై వాతావరణ పొర) బాగా చిక్కబడుతుంది. సూర్యుడి చురుకుదనం ఉచ్చదశలో ఉన్న 2024లో అదే ఫిక్స్‌కు నిమిషాలు పట్టేది. కొబ్బరిచెట్ల కిందైతే ఫ్లోట్ (ఫిక్స్‌కు ముందుండే ఉజ్జాయింపు స్థానం) దాటదు. అక్కడ తెరిపిలో రెండు పాయింట్లు ఫిక్స్‌తో పట్టి, లోపలి రాళ్లకు టోటల్ స్టేషన్ (కోణం, దూరం కొలిచే యంత్రం) వేయాల్సిందే. ముఖ్యమైన రాయిని గంట తేడాతో రెండుసార్లు పట్టి, 2 సెంటీమీటర్ల లోపు కలిస్తేనే నమ్మాలి.

మొబైల్ సిగ్నల్ ఉన్న తెరిపి పొలాల్లో పనైతే ఈ కార్స్ రోవర్ తీసుకోండి. పాడేరు వైపు కొండల్లో సిమ్ అందని ఊళ్లలో తిరిగేవాళ్లకు సొంత బేస్ (సవరణలు పంపే స్టేషన్), రేడియో ఉన్న సెట్టే నయం. కోనసీమ తోటల్లోనే ఎక్కువ పని ఉంటే ఆ డబ్బు ముందు మంచి టోటల్ స్టేషన్ మీద పెట్టి, రోవర్‌ను అద్దెకు తెచ్చుకోవచ్చు.