బోర్డులు కడిగిన నీరు మళ్లీ వాడాలంటే ఏది మేలు: ఆర్వోనా, రెసిన్ సిలిండర్లా?

మా ఒంగోలు వైపు సర్క్యూట్ బోర్డులు బిగించే చిన్న యూనిట్ పెట్టాలనుకునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు నీరే. కడిగిన నీటిని పారబోయకుండా తిప్పి వాడుకోవాలంటే ఆర్వో ప్లాంటు పెట్టాలా, నీటిలో కరిగిన లవణాలను పట్టుకునే రెసిన్ పూసలు నింపిన సిలిండర్లు పెట్టాలా? ఎక్కువమంది ఆర్వో వైపే మొగ్గుతారు. వీధివీధినా మంచినీళ్ల ప్లాంటు ఉన్న చోట అది అలవాటైన యంత్రం, బాగుచేసేవాడూ దొరుకుతాడు. నేనైతే బోరు నీటికి ఆర్వో, కడిగిన నీటికి రెసిన్ అంటాను. తారుమారు చేస్తే రెండూ దండగే.

అసలు కడగడం దేనికి? టంకం బాగా పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే, నీటిలో కరిగే ఫ్లక్స్‌తో సోల్డరింగ్ చేస్తే దాని ఆమ్ల శేషం బోర్డు మీద మిగలకూడదు. రొయ్యల చెరువు గట్టున ఏరేటర్ స్టార్టర్ పెట్టె మూత తీసి చూడండి. సరిగా కడగని బోర్డయితే ఐసీ కాళ్ల మధ్య తెల్లటి పొడి, పక్కనే పచ్చబడిన రాగి కనిపిస్తాయి. ఉప్పుగాలికి తేమ తోడైతే ఆ శేషం గుండా కరెంటు పాకుతుంది, కాలికీ కాలికీ మధ్య వెంట్రుకల్లాంటి లోహపు మొలకలు వస్తాయి. పోనీ బోరు నీటితో కడుగుదామంటే, ఫ్లక్స్ పోయి దాని చోట నీటిలోని ఉప్పు చేరుతుంది. కడగనక్కరలేని ఫ్లక్స్ కూడా ఉంది. ఇంట్లో గోడకు తగిలించే సరుకుకు అదే మేలు, నీటి గొడవే లేదు. చెరువు గట్టుకు వెళ్లే బోర్డును మాత్రం కడగవలసిందే.

ఇక లెక్కకు వద్దాం. ధన, ఋణ అయాన్లు రెండింటినీ పట్టే మిశ్రమ రెసిన్ ఒక లీటరు సుమారు 25 గ్రాముల లవణాలను పట్టుకుంటుంది. లవణాలను కాల్షియం కార్బొనేట్‌గా కట్టే లెక్క ఇది. లీటరుకు 1000 మిల్లీగ్రాముల ఉప్పున్న బోరు నీటిని నేరుగా దానిలోకి వదిలితే 25 లీటర్లకే రెసిన్ పని అయిపోతుంది. బూడిదలో పోసిన పన్నీరే. అదే, శుద్ధ నీటితో బోర్డులు కడిగాక డ్రెయిన్‌లోకి వచ్చే చివరి నీటిలో ఉప్పు లీటరుకు 25 మిల్లీగ్రాములే ఉందనుకుందాం. అదే లీటరు రెసిన్ 1000 లీటర్లను శుభ్రం చేస్తుంది. మనం మురికి అనుకుని పారబోసే నీరు మన బోరు నీటికన్నా చాలా శుభ్రమైనది! కాలవలోకి వదిలేసి మళ్లీ బోరు మోటారు వేయడంలో అర్థం లేదు.

మరి ఆ నీటిని ఆర్వోలోనే తిప్పవచ్చు కదా? తిప్పవచ్చు, కానీ ప్రతి చుట్టులోనూ కొంత నీరు రిజెక్టుగా, అంటే ఉప్పు చేరి వదిలేసే నీరుగా పోతుంది. ఆర్వో లవణాలను 95 నుంచి 99 శాతం దాకా తీస్తుంది తప్ప పూర్తిగా తీయదు కాబట్టి చివర రెసిన్ ఎలాగూ పెట్టుకోవాలి. ఫ్లక్స్‌లోని సేంద్రియ జిగురు ఆర్వోలోని వడపోత పొరను, అంటే మెంబ్రేన్‌ను మూసేస్తుంది. అది రెసిన్‌నూ పాడుచేస్తుంది గానీ, ముందు యాక్టివేటెడ్ కార్బన్ పెడితే చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

బోరు నీటి దగ్గర మాత్రం ఆర్వోకు సాటి లేదు. నెల్లూరులో పెన్నా ఇసుక ఇచ్చే నీటికీ, దర్శి వైపు రాతినేల బోరు నీటికీ పోలిక లేదు. దర్శి వైపు ఫ్లోరైడ్ బెడద పాతదే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న హద్దు అక్కడ చాలా బోర్లు దాటుతాయి. సగం నీటిని తీసుకుని సగం వదిలే ఆర్వోలో రిజెక్టు ఉప్పు, ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపవుతాయి. మూడు వంతులు తీసుకుంటే నాలుగు రెట్లు. ఆ నీటిని పక్కవాడి పొలంలోకి వదలడం తగదు. కడిగిన నీటిని రెసిన్‌తో తిప్పుకుంటే, ఆర్వో ఆవిరైన నీటికీ బోర్డులతో పోయిన తడికీ బదులు నింపితే చాలు. రిజెక్టు కూడా ఆ మేరకే.

రెసిన్‌తో పేచీలు లేవని కాదు. కడిగే నీరు వేడిగా ఉంటే చల్లార్చి పంపాలి, 60 డిగ్రీలు దాటితే రెసిన్ చెడిపోతుంది. ఫ్లక్స్‌ను విడగొట్టే సబ్బు ద్రావణం వాడేవారు ఆ తొట్టిని విడిగా ఉంచి, చివరి కడుగు నీటినే సిలిండర్‌కు పంపాలి. మంచినీళ్ల ప్లాంటు వాళ్లు జేబులో పెట్టుకుని తిరిగే టీడీఎస్ మీటర్ సున్నా చూపిందని సంబరపడకూడదు. అరకొర ఉప్పు దానికి కనిపించదు, నీరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో చూపే మెగాఓమ్ మీటర్ కావాలి. పూర్తిగా శుద్ధమైన నీరు 18 మెగాఓమ్‌లు చూపుతుంది. మూతలేని డ్రమ్ములో ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని తనంతట తానే ఒక మెగాఓమ్ దగ్గరకు దిగిపోతుంది. కాబట్టి కొలత సిలిండర్ బయటకు వచ్చే గొట్టం దగ్గరే తీయాలి.

బోర్డులు బిగించడం కాక రాగి పూత, ఎచింగ్ (అక్కర్లేని రాగిని రసాయనంతో కరిగించడం) చేసే యూనిట్‌కు ఈ తీర్పు చెల్లదు. అక్కడ మొదటి ఖర్చు కడిగే తొట్లకే పెట్టాలి. బోర్డుతో వచ్చే లీటరు ద్రావణాన్ని వెయ్యో వంతుకు పలచన చేయాలంటే ఒక్క తొట్టిలో 1000 లీటర్లు పారించాలి. నీరు బోర్డులకు ఎదురుగా పారే రెండు తొట్లుంటే సుమారు 32 లీటర్లు, మూడుంటే 10 లీటర్లు సరిపోతాయి. ఆ తర్వాతే ఆర్వో మాట.

రెసిన్ పని అయిపోయాక ఏం చేయాలన్నదే అందరూ దాటవేసే సంగతి. సీసం ఉన్న సోల్డర్ వాడితే ఆ లోహం కొంత రెసిన్‌లోకి చేరుతుంది. విషలోహాలున్న పాత రెసిన్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, చెత్తబండిలో వేయకూడదు. యూనిట్‌లోనే ఆమ్లం, కాస్టిక్ పోసి దాన్ని మళ్లీ బతికించుకుందామంటే సీసం కలిసిన ఆమ్లపు నీరు చేతికి వస్తుంది. చిన్న యూనిట్ ఆ జోలికి పోకపోవడమే మంచిది. సిలిండర్ బేరం ఆడేటప్పుడే పాత రెసిన్‌ను ఎవరు తీసుకెళ్తారో, దానికి కాగితం ఇస్తారో లేదో తేల్చుకోండి. కాగితం ఇవ్వనివాడు ఎంత చవకగా ఇచ్చినా ఆ బేరం వదిలేయండి.