టీవీ వెనక గుండ్రటి రంధ్రం చూసి హెడ్‌ఫోన్ సాకెట్ అనుకోకండి

విజయవాడలో కొత్త టీవీ కొనబోతున్నవారు, ముఖ్యంగా ఇంట్లో వినికిడి తగ్గిన పెద్దవాళ్లు ఉన్నవారు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

మా నాన్నగారికి రెండేళ్లుగా చెవులు సరిగా వినపడడం లేదు. రాత్రి వార్తలు పెద్ద శబ్దం పెట్టుకుని చూస్తారు. పక్క గదిలో అమ్మాయి ఇంటర్ పరీక్షలకు చదువుకోవాలి. అందుకే బీసెంట్ రోడ్డు దగ్గర ఒక దుకాణంలో 43 అంగుళాల టీవీ చూసినప్పుడు, ధర కంటే ముందు హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలుందా అని అడిగాను. సేల్స్‌మన్ టీవీని పక్కకు తిప్పి, వెనక ఉన్న గుండ్రటి రంధ్రం మీద వేలు పెట్టి, "ఇదిగో మేడమ్, ఇదే" అన్నాడు. నమ్మాను.

టీవీ బిగించిన రోజు రాత్రి నాన్నగారు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నారు. పిన్ను చక్కగా లోపలికి దిగింది. టీవీ స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి, హెడ్‌ఫోన్‌లో మాత్రం చిన్న చప్పుడు కూడా లేదు. ఆయన రెండు చేతులతో దాన్ని చెవులకు అదుముకుని, "నాకే వినపడడం లేదేమోనమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతోంది.

ఫోన్ టార్చి వేసి చూస్తే, నల్లటి ప్లాస్టిక్ మీద నల్లగానే ఉబ్బెత్తుగా అచ్చయిన అక్షరాలు కనిపించాయి: ఏవీ ఇన్. అంటే అది బయటి పరికరం నుంచి బొమ్మను, శబ్దాన్ని టీవీలోకి తీసుకునే దారి. పాత డీవీడీ ప్లేయర్ల పసుపు, ఎరుపు, తెలుపు తీగలను ఒక చిన్న అడాప్టర్‌తో అందులోనే పెడతారు. హెడ్‌ఫోన్ సాకెట్ కూడా అదే 3.5 మిల్లీమీటర్ల కొలతలో ఉంటుంది కాబట్టి పిన్ను పడుతుంది, శబ్దం రాదు. నిజమైన సాకెట్ పక్కన హెడ్‌ఫోన్ బొమ్మ గాని, ఆడియో అవుట్ అని గాని ఉంటుంది. ఇప్పుడు వస్తున్న చాలా టీవీలలో అసలు అది ఉండడం లేదు.

మర్నాడు వెళ్లి అడిగితే, "ఆప్టికల్ ఉంది కదా, కన్వర్టర్ పెట్టుకోండి" అని 900 రూపాయలకు ఒక డబ్బా ఇచ్చారు. ఆప్టికల్ అంటే టీవీ శబ్దాన్ని కాంతి రూపంలో, డిజిటల్‌గా బయటికి పంపే దారి. చిత్తు కాగితం మీద ధర రాశారు గాని బిల్లు ఇవ్వలేదు. ఇంటికి వచ్చి చూస్తే అది అనలాగ్‌ను డిజిటల్‌గా మార్చేది. హెడ్‌ఫోన్‌కు అనలాగ్ శబ్దమే కావాలి కాబట్టి, మనకు కావలసింది డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చేది. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, పైన రాసినది చదివితే తప్ప తెలియదు. వాపసు తీసుకోమంటే, అట్ట విప్పేశారు కాబట్టి కుదరదన్నారు.

చివరికి వేరేచోట సరైనది కొన్నాను. అది పెట్టినా మొదట గరగరమనే మోతే వచ్చింది. టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియో డాల్బీలో, అంటే శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిలో ఉంది. చౌక కన్వర్టర్లు డాల్బీని విప్పలేవు, ఆ సెట్టింగును పీసీఎంకు, అంటే కుదించని మామూలు డిజిటల్ శబ్దానికి మార్చాలి. మార్చగానే మాటలు స్పష్టంగా వచ్చాయి. ఇంకొకటి, చాలా టీవీలలో ఆప్టికల్ నుంచి వెళ్లే శబ్దం రిమోట్‌తో పెరగదు, తగ్గదు. అందుకని హెడ్‌ఫోన్ సాకెట్టూ, శబ్దం తిప్పుకునే మీటా రెండూ ఉన్న కన్వర్టరే తీసుకోండి. పెద్దవాళ్ల చెవిలో ఒక్కసారిగా మోత పడితే ప్రమాదం. వాళ్లకు పెట్టే ముందు మీరు పెట్టుకుని చూడండి.

బ్లూటూత్ ఉంటే చాలని కూడా చెబుతారు. కొన్ని టీవీలలో బ్లూటూత్ రిమోట్‌కే పరిమితం, హెడ్‌ఫోన్‌కు శబ్దం పంపదు. పంపినా, సెట్‌టాప్ బాక్సు చూసేటప్పుడు పెదవులు కదిలాక మాట వినిపించవచ్చు. పైగా చాలా మోడళ్లలో హెడ్‌ఫోన్ కలిపితే స్పీకర్లు ఆగిపోతాయి, అప్పుడు ఇంట్లో మిగతావాళ్లకు వినపడదు. ఇద్దరికీ ఒకేసారి వినిపిస్తుందా అని దుకాణంలోనే పెట్టించి చూడండి. మీ హెడ్‌ఫోన్ సంచిలో వేసుకుని వెళ్లండి.

లేని సౌకర్యం ఉందని చెప్పి అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం, ఈ రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. టీవీకి బిల్లు ఉంది, కన్వర్టర్‌కు ఆ చిత్తు కాగితమే మిగిలింది. దుకాణం నుంచి ఇంకా జవాబు రాలేదు. మీలో ఎవరికైనా ఇదే జరిగి ఉంటే, ఆ సాకెట్ దగ్గరి అక్షరాలు కనబడేలా ఫోటో తీసి బిల్లుతో పాటు దాచుకోండి. నా ఫిర్యాదుకు నేనూ అదే జతచేశాను.