సుత్తి దెబ్బలకేనా ఈ బిల్లు? విశాఖ పాత షాపుల స్ట్రక్చరల్ ఆడిట్ మీద సమీక్ష

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ చుట్టుపక్కల నడిస్తే షట్టరు దించేసి, పిట్టగోడ మీద రావిమొక్క మొలిచిన షాపులు కనిపిస్తాయి. డాబాగార్డెన్స్, జగదాంబ వైపు మేడల వయసు తక్కువే గానీ సన్‌షేడ్ల కింద పెచ్చులూడి ఊచలు బయటపడ్డవి అక్కడా ఉన్నాయి. ఓనరు కూల్చి కడతానంటాడు. గుడ్‌విల్ ఇచ్చి షాపు తీసుకున్న అద్దెదారు రిపేరు చేయిస్తే చాలంటాడు. ఏళ్లు గడుస్తాయి, షట్టరు తుప్పు పడుతుంది. ఈ తగువు తెగాలంటే ఇద్దరూ ఒప్పుకోక తప్పని కాగితం ఒకటుండాలి, అదే మేడ ఎంత గట్టిగా ఉందో పరీక్షలు చేసి రాసిచ్చే స్ట్రక్చరల్ ఆడిట్ రిపోర్టు. శిథిల భవనమని నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నోటీసు వచ్చినా, కేసు కోర్టుకెక్కినా ముందు అడిగేది దాన్నే.

ఈ సేవ విశాఖలో రెండు రకాలుగా దొరుకుతుంది. చవకది ఒక పూటలో అయిపోతుంది. దానికి ఐదుకి ఒక మార్కు, అదీ ఫొటోలు తీసినందుకు. పూర్తి ప్యాకేజీ నాలుగు మార్కులకు తగినదే, అయితే ఏం అడగాలో తెలిసి అడిగినవాళ్లకు మాత్రమే.

చవక కొటేషన్‌లో రిబౌండ్ హామర్, యూపీవీ (అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ), కంటి పరిశీలన ఉంటాయి. హామర్ అంటే స్ప్రింగు సుత్తి. కాంక్రీటుని కొట్టి వెనక్కి ఎంత ఎగిరిందో అంకె చూపిస్తుంది. చిక్కు ఎక్కడంటే, గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చిన కాంక్రీటు పైపొర ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే నలభై ఏళ్ల పిల్లరు మీద అంకె ఎక్కువొస్తుంది, లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బుతున్నా సరే. హామర్‌తో బలం అంచనా వేస్తే ఇరవై ఐదు శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణమే చెబుతోంది. ప్లాస్టరింగు మీద కొట్టారంటే ఆ అంకెను లెక్కలోకే తీసుకోకూడదు. ప్లాస్టరు చెక్కి, కార్బోరండం రాయితో రుద్ది, అంచుకు దూరంగా కొట్టాలి. సైటుకొచ్చాక హామర్‌ని ముందు స్టీలు ఆన్విల్ (పరికరాన్ని సరిచూసే ఉక్కు దిమ్మ) మీద కొట్టి చూపించమనండి. ఎనభై దరిదాపుల్లో అంకె రాకపోతే ఆ పరికరాన్ని అప్పుడే వెనక్కి పంపొచ్చు.

యూపీవీ కాస్త నయం. కాంక్రీటు గుండా ధ్వని తరంగం ఎంత వేగంగా వెళ్లిందో కొలుస్తుంది. పిల్లరుకి ఈ పక్క ఒక ప్రోబు, ఆ పక్క ఒక ప్రోబు పెట్టి తీసిన రీడింగే నమ్మదగింది. షాపు లోపల షెల్ఫులు అడ్డమని రెండు ప్రోబులూ ఒకే ముఖాన పెట్టి తీసే అలవాటు చాలామందికి ఉంది, ఆ రీడింగు అంత నమ్మదగింది కాదు. సెకనుకి మూడున్నర కిలోమీటర్లు దాటితే కాంక్రీటు మంచిదని, మూడు కంటే తక్కువైతే అనుమానించాలని పాత బీఐఎస్ ప్రమాణంలో లెక్క ఉండేది. ఊచ పక్కనుంచి వెళ్తే వేగం దొంగగా పెరుగుతుంది, స్టీలులో ధ్వని పరుగు ఇంకా ఎక్కువ కాబట్టి.

విశాఖలో అసలు శత్రువు ఉప్పుగాలి. పట్టుకోవాల్సింది కాంక్రీటు బలం కంటే ముందు ఊచ తుప్పుని. 1978 నాటి ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాల కోడు) ప్రకారం ఎం15 రకం కాంక్రీటుతో కట్టొచ్చు (ఎం పక్క అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), శ్లాబులో ఊచ మీద 15 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచని కప్పే కాంక్రీటు పొర, చాలు. 2000లో అదే కోడు సముద్రతీరాన్ని తీవ్రమైన వాతావరణం కింద చేర్చి ఎం30 కాంక్రీటు, 45 మిల్లీమీటర్ల కవరు తప్పనిసరి చేసింది. మీ కాంప్లెక్స్ 1980ల్లో లేచిందంటే కవరు ఇప్పటి కొలతలో మూడో వంతే ఉండొచ్చు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకి రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది. పెచ్చులూడేది ఆ ఉబ్బుకే.

అందుకని పూర్తి ప్యాకేజీ కొటేషన్‌లో ఈ మూడు పరీక్షలూ పేరు పేరునా రాయించండి.

హాఫ్‌సెల్ పొటెన్షియల్. ఊచ తుప్పు పడుతోందా అని వోల్టేజీ కొలిచి చూసే పరీక్ష. ఒకచోట ఊచ బయటికి తీసి వైరు తగిలించి, తడిపిన కాంక్రీటు మీద కాపర్ సల్ఫేటు ఎలక్ట్రోడు కదుపుతూ గళ్లు గళ్లుగా కొలుస్తారు. మైనస్ 350 మిల్లీవోల్టులు దాటి కిందికి దిగితే తుప్పు నడుస్తోందనడానికి తొంభై శాతం అవకాశం. మైనస్ 200 నుంచి 350 మధ్య ఏమీ తేల్చలేం. పెయింటు, టైల్సు మీద పెట్టి తీస్తే అంకె వస్తుంది గానీ దానికి అర్థం ఉండదు.

కార్బనేషన్. గాలిలోని కార్బన్ డయాక్సైడు కాంక్రీటులోని క్షారాన్ని ఎంత లోతు దాకా తినేసిందో చూసే పరీక్ష. కాంక్రీటుని అప్పటికప్పుడు పగలగొట్టి, దుమ్ము ఊది, ఫినాల్ఫ్తలీన్ చల్లుతారు. గులాబీ రంగు తిరిగితే క్షారం మిగిలున్నట్టు, రంగు రాని మేర ఊచకి రక్షణ పోయినట్టు. ఆ లోతుని కవరుతో పక్కపక్కన పెట్టి చూడాలి. పాత పగులు మీద చల్లి ఫొటో తీసేవాళ్లున్నారు, గమనించండి.

క్లోరైడు. కాంక్రీటులోకి చేరిన ఉప్పు లెక్క ఇది. డ్రిల్లుతో 0-15, 15-30, 30-45 మిల్లీమీటర్ల లోతుల్లో పొడిని విడివిడిగా తీసి ల్యాబుకి పంపాలి. ఘనపు మీటరు కాంక్రీటులో 0.6 కిలోల క్లోరైడు కోడు పెట్టిన హద్దు. అన్ని లోతుల పొడీ ఒకే సంచిలో కలిపేస్తే ఉప్పు బయటినుంచి వచ్చిందో, కట్టేనాటి ఇసుకలోనే ఉందో తెలీదు. రెండింటికీ చికిత్స వేరు.

వీటికి తోడు కనీసం మూడు కోర్లు, అంటే బలం పరీక్షకి కాంక్రీటులోంచి గుండ్రంగా కోసి తీసే ముక్కలు. తీసే ముందు రీబార్ లొకేటర్‌తో ఊచ ఎక్కడుందో గుర్తు పెట్టించాలి, లేదంటే బాగున్న ఊచనే కోసేస్తారు. కోర్ల సగటు బలం ఉండాల్సినదాంట్లో 85 శాతం, ఏ ఒక్కటీ 75 కంటే తగ్గకుండా ఉంటే కోడు ఒప్పుకుంటుంది. తీసిన కన్నాన్ని ఆరాక ముడుచుకోని గ్రౌటుతో (సిమెంటు ముద్దతో) పూడ్చడం కూడా వాళ్ల పనే. ఇంజినీరింగ్ సేవల మీద జీఎస్టీ 18 శాతం, అది కొటేషన్‌లో కలిసుందో లేదో చూసుకోండి.

వన్‌టౌన్‌లో గచ్చు సున్నంతో, టేకు దూలాల మీద మద్రాసు టెర్రసు (ఇటుక, సున్నంతో వేసే పాతకాలపు కప్పు) వేసిన మేడలకు పై సరంజామా అంతా దండగ. అక్కడ ఊచే ఉండదు. దూలం కొన గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరు గుచ్చి చెక్క ఎంత మెత్తబడిందో చూడాలి. పగులు మీద గాజుముక్క అతికించి ఒక వానాకాలం గమనించాలి, పగులు కదిలితే గాజు విరుగుతుంది. ఇలాంటి మేడకు కూడా హామర్ కొటేషన్ ఇచ్చారంటే ఆ మనిషి బిల్డింగు చూడకుండానే ధర చెప్పినట్టు.

రిపోర్టు చేతికొచ్చాక చూడాల్సింది చివరి పేజీ. ‘బిల్డింగు ఓ మోస్తరుగా ఉంది, తగిన మరమ్మతు చేయాలి’ అని ఉంటే ఓనరూ అద్దెదారూ ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకుంటారు, తగువు మళ్లీ మొదటికొస్తుంది. పిల్లరు నంబరు, బీము నంబరు వారీగా పట్టిక ఉండాలి: ఊచ ఎంత సన్నబడింది, కవరు ఎంత, పొటెన్షియల్ ఎంత. 12 మిల్లీమీటర్ల ఊచ 10కి దిగితే చూపుకి తేడా చిన్నదే గానీ 30 శాతం ఇనుము పోయినట్టు. ఈ కొలత వెర్నియర్‌తో తీయాలి, కంటితో కాదు. మేడ మీద ట్యాంకులు, హోర్డింగులు, జనరేటరు కూడా రిపోర్టులో ఎక్కించమనండి. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు.

రిపేరు సలహా కింద ‘సిమెంటు ప్లాస్టరింగు’ అని మాత్రమే రాసిస్తే ఆ ల్యాబుకి తుప్పు గురించి తెలీదు. ఊచ వెనక్కి ఇరవై ఇరవై ఐదు మిల్లీమీటర్లు చెక్కి, తుప్పు గీకి, జింకు ప్రైమరు పూసి, పాలిమర్ మోర్టారు వేయాలి. ఉప్పు పట్టిన పాత కాంక్రీటుని పక్కన అలాగే వదిలేసి అతుకు వేస్తే తుప్పు ఆ అతుకు చుట్టూ కొత్తగా మొదలవుతుంది. రెండు వానాకాలాల్లో కొత్త ముక్క అంచులతో సహా ఊడిపడుతుంది, తప్పు మేస్త్రీ మీద పడుతుంది.

‘కూల్చాలి’ అని తేలినా పని ఆగే చోటు ఇంకొకటుంది. పాత షాపులు స్థలం అంచు దాకా కట్టినవి. కొత్త ప్లాను 2017 భవన నిబంధనల ప్రకారం సెట్‌బ్యాకులు (చుట్టూ ఖాళీ జాగా), పార్కింగు వదలాలి, రోడ్డు విస్తరణలో పోయే జాగా వేరే. మిగిలే కింది అంతస్తు చూశాక చాలామంది ఓనర్లు వెనక్కి తగ్గుతారు. ఆడిట్‌కి డబ్బు కట్టేముందే లైసెన్సు ఉన్న సర్వేయరుతో కొలిపించి, మిగిలే జాగా ఎంతో కాగితం మీద చూసుకోండి. ఆ లెక్క ఒప్పకపోతే ఆడిట్‌ని రిపేరు కోసం అడగాలి. అప్పుడు కోర్లు మూడుతో సరిపెట్టి, హాఫ్‌సెల్ గళ్లు పెంచమనండి.