కారు టైటిల్ (ఓనర్‌షిప్ కాగితం) సంగతి తేలాలంటే ఎన్‌ఎమ్‌వీటీఐఎస్ రిపోర్టా, కార్‌ఫ్యాక్సా?

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు చాలామంది కార్‌ఫ్యాక్స్ అనే ప్రైవేట్ కంపెనీ ఇచ్చే కారు హిస్టరీ రిపోర్ట్ ఒక్కటి చూసి క్లీన్‌గా ఉంది కదా అని డబ్బులు ఇచ్చేస్తారు, నాకైతే అది సగం పనే.

కార్‌ఫ్యాక్స్‌లో సర్వీస్ ఎప్పుడు చేయించారు, ఎంతమంది చేతులు మారింది, యాక్సిడెంట్ ఏమైనా రిపోర్ట్ అయిందా, ఇవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి, కథ చాలావరకు తెలుస్తుంది. కాకపోతే రేటు ఎక్కువ, పైగా ఎవరూ రిపోర్ట్ చేయని యాక్సిడెంట్ అందులో రాదు.

ఎన్‌ఎమ్‌వీటీఐఎస్ (నేషనల్ మోటార్ వెహికల్ టైటిల్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్) అలా కాదు, 1992 నాటి ఫెడరల్ చట్టం కింద వచ్చిన సిస్టమ్ ఇది, ఇన్సూరెన్స్ కంపెనీలూ సాల్వేజ్ యార్డులూ (పాడైన కార్లు కొని అమ్మేవాళ్ళు) దీనికి డేటా ఇచ్చి తీరాలి. అసలు లాభం ఎక్కడంటే, ఒక స్టేట్‌లో సాల్వేజ్ ముద్ర (బాగా దెబ్బతిన్న బండి అని టైటిల్ మీద వేసే గుర్తు) పడిన కారుని ఇంకో స్టేట్‌కి తీసుకెళ్ళి క్లీన్ టైటిల్ తెచ్చుకునే మోసం ఉంది చూడండి, ఆ పాత ముద్ర ఇందులో అలాగే ఉండిపోతుంది. సర్వీస్ వివరాలు మాత్రం ఉండవు, రేటు బాగా తక్కువ.

రెండిట్లో ఒకటే అంటే ప్రైవేట్ సెల్లర్ దగ్గర నేను ముందు ఎన్‌ఎమ్‌వీటీఐఎస్సే తీస్తాను, డీలర్ అయితే కార్‌ఫ్యాక్స్ చాలాసార్లు వాళ్ళే ఫ్రీగా చూపిస్తారు.

ఏది తీసినా డాష్‌బోర్డు మీద అద్దం అంచున ఉన్న 17 అక్షరాల విన్ నంబరు (ప్రతి కారుకీ వేరుగా ఉండే గుర్తింపు నంబరు), డోర్ దగ్గరి స్టిక్కర్, టైటిల్ కాగితం, మూడూ కలుస్తున్నాయో లేదో చూడండి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగండి, బెల్ట్ అడుగున బురద మరక ఉంటే వరదలో మునిగిన బండేమో అని గట్టిగా అనుమానించాలి, రిపోర్ట్ ఎంత క్లీన్‌గా ఉన్నా సరే.