1965 మస్టాంగ్ ముందు డిస్క్ బ్రేక్ కిట్: కొనొచ్చు, కానీ మాస్టర్ సిలిండర్ విడిగా తెచ్చుకోవాలి

పాత డ్రమ్ బ్రేకులు తీసేసి, వీ8 మస్టాంగ్ డ్రమ్ స్పిండిల్‌కే (ముందు చక్రం తిరిగే ఇరుసు) బిగించుకునే కిట్ ఇది. రోటర్లు (చక్రంతో తిరిగే డిస్కులు), కాలిపర్లు (ప్యాడ్లతో వాటిని నొక్కి పట్టేవి), బ్రాకెట్లు చక్కగా అమరతాయి. లోటల్లా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను లైన్లలోకి నెట్టేది) ఇవ్వకపోవడమే. 1965 కారుకి వచ్చింది ఒకే గది సిలిండర్. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. పైగా డ్రమ్ముల కోసం అందులో పెట్టిన రెసిడ్యువల్ వాల్వ్ లైన్లో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి పట్టి ఉంచుతుంది. ఆ సిలిండర్‌నే డిస్కులకు కలిపితే ప్యాడ్లు రోటర్‌ను వదలవు, చక్రం ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. రెండు గదుల సిలిండర్ వేయాల్సిందే. వెనక లైనుకి ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించేది) లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే పట్టేస్తాయి.

కాలిపర్లు కుడిఎడమలు మారాయంటే బ్లీడ్ నిపుల్ (ఆయిల్లోని గాలిని బయటికి వదిలే మర) కిందికొస్తుంది. ఎంత బ్లీడ్ చేసినా గాలి పోదు, పెడల్ మెత్తగానే ఉంటుంది. పాత 14 అంగుళాల స్టీల్ రిమ్ము కాలిపర్‌కి తగలొచ్చు, ముందే పెట్టి తిప్పి చూడండి.