సాంతా మరియా మిషన్ శిథిలాలకు జీపా, బైకా, నడకా: ఏది మేలు?

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో, హైవే 1 మీద కాతావిన్యా అనే చిన్న ఊరు దాటిన వెంటనే తూర్పు పక్కకు రాంచో సాంతా ఇనెస్ వస్తుంది. మామూలు కారు పని అక్కడితో సరి. ఆపైన సుమారు 24 కిలోమీటర్ల రాళ్లదారి, దాని చివర ఈతచెట్టంత ఎత్తు కూడా లేని కొన్ని మట్టిగోడలు. వాటికోసమే ఈ యాతనంతా.

1767లో జెస్యూట్ (ఒక కాథలిక్ సంఘం) పాద్రీ విక్తోరియానో ఆర్నెస్ మొదలుపెట్టిన సాంతా మరియా దె లోస్ ఆంఖెలెస్ అనే మిషన్, అంటే క్రైస్తవ మతప్రచార కేంద్రం ఇది. ఆ ద్వీపకల్పంలో జెస్యూట్లు పెట్టిన చివరి మిషన్. మరుసటి ఏడాదే స్పెయిన్ రాజు వాళ్లను వెళ్లగొట్టాడు. వాళ్ల స్థానంలో వచ్చిన ఫ్రాన్సిస్కన్లు (మరో కాథలిక్ సంఘం) 1769లో వాయవ్యంగా వెలికాతాలో తమ మిషన్ పెట్టుకోవడంతో దీని ప్రాధాన్యం పోయింది. కట్టింది పచ్చి ఇటుకతో. మన పల్లెల్లో మట్టిగోడకు పైకప్పు పోతే నాలుగు వానలకు ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఇక్కడ ఎందుకింతే మిగిలిందో వేరే చెప్పక్కర్లేదు.

ముందే తేల్చి చెబుతున్నాం. ఒక్కటే బండి ఉంటే, కష్టమైన ఏటవాలు మొదలయ్యేదాకా బండిలో వెళ్లి, అక్కడినుంచి నడవడమే మేలు. రెండు బండ్లు, రెండింటికీ డిఫరెన్షియల్ లాకర్లు (ఒక చక్రం జారినా రెండోది తిరిగేలా చేసేవి), రాళ్ల మీద బండి పాకించిన అనుభవం ఉన్న మనిషి ఒకరు ఉంటే చివరిదాకా బండిలోనే వెళ్లొచ్చు. బైకు చురుకైనదే గానీ, బరువైన బైకైతే మూడింటిలోకీ అదే అధ్వాన్నం.

చివరిదాకా ఫోర్ బై ఫోర్

మొదటి కిలోమీటర్లు మోసం చేస్తాయి. ఇసుకవాగులు, హైదరాబాద్ శివారు గుట్టల్ని గుర్తుచేసే గ్రానైట్ బండరాళ్లు, మధ్యలో కంకర. "ఇంతేనా" అనిపిస్తుంది. అసలు పరీక్ష మిషన్‌కు దగ్గరపడ్డాక వచ్చే నిట్టనిలువు వాలు. ఈ దారిన పోయేవాళ్లు దాన్ని విడోమేకర్ అంటారు. ఫుట్‌బాల్ సైజు నుంచి స్టూలు సైజు దాకా వదులు రాళ్లు, వానలకు పడిన నిలువు గాడులు. దారి మిషన్ దగ్గరితో ఆగిపోతుంది, అవతల లోయలో ఉన్నది ఒకప్పటి కంచరగాడిద బాటే. అందుకే వెళ్లేటప్పుడు దిగిన ప్రతి మెట్టూ వచ్చేటప్పుడు ఎక్కాల్సిందే. దిగేటప్పుడు భూమ్యాకర్షణ సాయం చేస్తుంది, ఎక్కేటప్పుడు అదే ఎదురు తిరుగుతుంది. చిక్కుకునేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే లెక్క తప్పుతారు.

ఇక్కడ తేడా చూపించేది హార్స్‌పవర్ కాదు, బండి కింది ఎత్తు, లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే అదనపు గేరు) నిష్పత్తి. జీప్ రాంగ్లర్ రూబికాన్‌కు నేల నుంచి సుమారు 27 సెంటీమీటర్ల ఎత్తు, ఇంజన్ బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో 4:1 నిష్పత్తి. టొయోటా 4రన్నర్ ఆఫ్‌రోడ్ మోడళ్లకు దాదాపు 24 సెంటీమీటర్లు, నిష్పత్తి 2.57:1. రూబికాన్ బ్రేకు మీద కాలు పెట్టకుండానే నడక వేగంలో దిగుతుంది, 4రన్నర్‌ను మధ్యమధ్య బ్రేకుతో ఆపుకోవాలి. ఏడబ్ల్యూడీ అని రాసి ఉన్న సిటీ ఎస్‌యూవీలకు ఎత్తు 21 సెంటీమీటర్ల చుట్టుపక్కలే, లో రేంజ్ అసలే ఉండదు. వాటిని సాంతా ఇనెస్ దగ్గర ఆపేయండి.

గాలి విషయం: తారు మీద 35 పీఎస్‌ఐ ఉన్న టైరును ఇక్కడ 20–22కు దింపాలి. లోతైన ఇసుకలో 16–18 దాకా. తగ్గిస్తే టైరు రాయిని కౌగిలించుకుని పట్టు ఇస్తుంది, లోపలి మనుషులకు నడుములు మిగులుతాయి. మరీ 15 కిందికి పోతే రిమ్ముకూ రాయికీ మధ్య సైడ్‌వాల్ నలిగిపోతుంది, లేదా మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. సైడ్‌వాల్ చీలితే పంక్చర్ కిట్ పనికిరాదు, స్టెప్నీయే దిక్కు. అది చిన్న "డోనట్" చక్రమైతే దిక్కు లేనట్టే. పూర్తి సైజు స్టెప్నీ, కంప్రెసర్, ప్రెషర్ గేజ్ లేకుండా బయల్దేరొద్దు.

రాయి ఎదురైతే కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది: రెండు చక్రాల మధ్యగా పోనిద్దామని చూస్తారు. బండి కింద వేలాడేవి ఇరుసు మధ్య ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్, ఇంకా ఇంజన్ చాంబర్, అంటే ఇంజన్ ఆయిల్ ఉండే తొట్టి. చాంబర్‌కు స్కిడ్ ప్లేట్ లేకపోతే ఒక్క దెబ్బకు ఆయిల్ అంతా నేలపాలు. అందుకే రాయి మీదకే చక్రం ఎక్కించాలి. ఒకరు దిగి, ముందు నిలబడి, చేతులతో చూపించాలి. డ్రైవరు ఆ చేతుల్ని తప్ప దేన్నీ నమ్మకూడదు. ముందు చక్రం రాయి నెత్తిన కూర్చున్నాక ఒక్క క్షణం ఆగి, వెనక చక్రం అదే రాయి దగ్గరికి ఎప్పుడొస్తుందో ఊహించుకోవాలి. మలుపులో వెనకది ఎప్పుడూ లోపలి పక్కకు కోసుకుంటూ వస్తుంది, అక్కడే తలుపు కింది అంచు నొక్కుకుపోతుంది.

మాన్యువల్ గేరైతే లో రేంజ్ ఫస్ట్‌లో క్లచ్ పూర్తిగా వదిలేసి పాకించాలి. హాఫ్ క్లచ్‌తో ఎక్కిస్తే పది నిమిషాల్లో ప్లేట్ల వాసన వస్తుంది. చక్రం గిర్రున తిరగడం మొదలైతే యాక్సిలరేటర్ వదిలేయండి. తొక్కితే రాళ్లు వెనక్కి ఎగిరి చక్రం కింద గుంట పడుతుంది, అంతే.

ఇరుక్కుంటే గుంజడానికి సాగే గుణమున్న కైనెటిక్ మోకు, రెండు షాకిల్స్ (మోకు తగిలించే ఇనుప కొంకీలు) కావాలి. మోకును వెనక ట్రైలర్ తగిలించే ఇనుప బంతికి మాత్రం కట్టొద్దు. ఆ బంతి తెగితే తూటాలా వస్తుంది, మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. ఛాసిస్‌కు బిగించిన హుక్కులకే కట్టాలి. పార ఒకటి తప్పనిసరి. మనవాళ్లు పట్టించుకోనిది గడ్డపార. రాయిని పెకలించి చక్రం ముందు పేర్చడానికి దాన్ని మించింది లేదు. జాకీ కింద వేయడానికి మందమైన చెక్క ముక్క కూడా పెట్టుకోండి. ఒట్టి ఇసుకలో జాకీ బండిని లేపదు, తానే దిగిపోతుంది.

పెయింటు మీద ఆశ వదులుకోవాలి. ఇరుకుచోట్ల ముళ్లపొదలు రెండు పక్కలా గీస్తాయి.

బైకు

తేలిక డ్యుయల్ స్పోర్ట్ బైకు బరువు 120–145 కిలోలు. హోండా సీఆర్‌ఎఫ్ 300ఎల్ 142 కిలోలుంటుంది. జీపు పది నిమిషాలు ఆలోచించే రాయి పక్కనుంచి ఇది జారుకుపోతుంది. అదే 200 కిలోల దాకా ఉండే హిమాలయన్ లాంటిది వదులు రాళ్ల వాలులో ఒకసారి పడితే లేపొచ్చు, రెండోసారి కూడా లేపొచ్చు, ఆరోసారి మనిషి పని అయిపోతుంది. ఎండలో, హెల్మెట్‌లో, నీళ్లు కొద్దిగా ఉన్నప్పుడు అసలు ప్రమాదం ఆ అలసటే. కాలు బండరాయికి, సైలెన్సర్‌కు మధ్య ఇరుక్కుంటే ఒంటరిగా బయటపడటం కష్టం, కాబట్టి బైకులు కూడా రెండుండాలి.

బైకుకు రెండో చిక్కు పెట్రోలు. ఉత్తరాన ఉన్న ఎల్ రొసారియో ఊరు దాటాక దక్షిణాన హెసూస్ మరియా ఊరి దాకా, అంటే దాదాపు 320 కిలోమీటర్లు, హైవే మీద మామూలు బంకు లేదు. కాతావిన్యాలో రోడ్డు పక్కన డ్రమ్ముల్లోంచి పోసి అమ్ముతారు. ధర ఎక్కువ, ఉంటుందన్న హామీ లేదు. సీఆర్‌ఎఫ్ ట్యాంకు 7.8 లీటర్లు. మిషన్‌కు పోయిరావడం 48 కిలోమీటర్లు కూడా కలిపితే ఆ ట్యాంకు సరిపోదు, కనీసం 5 లీటర్ల డబ్బా మోయాలి. జీపుకు ఈ బెడద తక్కువ. లో రేంజ్‌లో లీటరుకు 3–4 కిలోమీటర్లే ఇచ్చినా లోపలి ప్రయాణానికి 16 లీటర్లు పక్కన పెడితే చాలు.

సగం బండి, సగం నడక

సాంతా ఇనెస్ దగ్గర ట్రిప్ మీటర్ సున్నా చేయండి. దారి ఎలా ఉందో అక్కడివాళ్లను అడగండి. పోయిన నెల వాన పడితే పోయిన ఏడాది వీడియోలన్నీ దండగే. బండి ఎక్కడ ఆపితే అక్కడి అంకెను 24లోంచి తీసేస్తే నడక సుమారుగా తెలుస్తుంది. రాళ్ల మీద గంటకు 3 కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోవద్దు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకు ముందే పొద్దు గూకుతుంది. కాబట్టి మిషన్ కనిపించినా కనిపించకపోయినా మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలని ముందే ఖాయం చేసుకోండి.

నీళ్లు మనిషికి రోజుకు 5 లీటర్లు, అందులో 3 వీపు మీద, మిగతావి బండిలో. మిషన్ దగ్గర లోయలో నీటి ఊట, దాని పక్కన తాటిచెట్ల వంటి విసనకర్ర ఆకుల చెట్లు ఉంటాయి. ఆ నీటిని వడపోసి, మరిగించి తప్ప తాగొద్దు, పశువులు కూడా అక్కడికే వస్తాయి. కాళ్లు పూర్తిగా కప్పే మందపాటి ప్యాంటు వేసుకోండి. చోయా అనే నాగజెముడు జాతి ముళ్ల మొక్క తగిలితే ముక్క విరిగి ఒంటికి అంటుకుంటుంది. చేత్తో లాగితే చేతికి అంటుకుంటుంది. దాన్ని దువ్వెనతో చిమ్మాలి.

ఇలా వెళ్తే సామాను తక్కువ, బండికి దెబ్బ తక్కువ. పోయేది మిషన్ దగ్గర రాత్రి బస ఒక్కటే. గోడల దగ్గర టెంటు వేయాలనే కోరిక లేకపోతే ఇందులో నష్టమేమీ కనిపించదు. నవంబరు–ఏప్రిల్ మధ్య వెళ్లండి. ఎండాకాలంలో నడక సంగతి ఎత్తొద్దు. ఆగస్టు–అక్టోబరు మధ్య తుపాను వస్తే వాగులే దారుల్ని మింగేస్తాయి.

ఇవేవీ కుదరకపోతే

దక్షిణాన సాన్ బోర్ఖా ఉంది. 1762లో మొదలైన మిషన్. పక్కన పచ్చి ఇటుకల శిథిలాలు, మధ్యలో 1801లో పూర్తయిన రాతి చర్చి చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. రొసారితో నుంచి ఒక దారి, బాహియా దె లోస్ ఆంఖెలెస్ రోడ్డు నుంచి ఇంకొక దారి, రెండూ సుమారు 35 కిలోమీటర్లే. పొడి రోజుల్లో ఎత్తైన టూవీల్ డ్రైవ్ పికప్ కూడా పోతుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇదే నయం. కలామాహువే అయితే దారి అందంగా ఉంటుంది, లోయలో నీళ్లు చక్రాల కిందుగానే పారతాయి. కానీ చూడటానికి పునాదుల గుర్తులే. అక్కడి ఉప్పునీటికి పంట పండకే పాద్రీలు 1767లో సాంతా మరియాకు మారారు.

కాలిఫోర్నియా నుంచి వెళ్లే మనవాళ్లకు రెండు మాటలు. భారత పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా స్టాంపు గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు తీరి, చేతిలో ఐ-797 (అమెరికా వలస శాఖ ఇచ్చే ఆమోద పత్రం) కాగితం ఒక్కటే ఉంటే అది చాలదు. బండికి మెక్సికో ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి, అది మట్టిదారుల్లో చెల్లుతుందో లేదో చదివి మరీ కొనాలి. అద్దె జీపులకు చాలా ఒప్పందాల్లో ఆఫ్‌రోడ్ నిషేధం. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు, శాటిలైట్ మెసెంజర్ పెట్టుకోండి. 078 నంబరుకు వచ్చే ఆంఖెలెస్ వెర్దెస్ (ఆగిపోయిన బండ్లకు మెక్సికో ప్రభుత్వం నడిపే సేవ) సాయం హైవే వరకే.

గోడల మీదికి ఎక్కొద్దు, ఇటుక పెళ్ల జేబులో వేసుకోవద్దు. ఇవి చట్టం రక్షణలో ఉన్నవి. పైగా చెయ్యి ఆనిస్తేనే రాలతాయి.

తిరిగి సాంతా ఇనెస్ చేరాక తారెక్కే ముందు నాలుగు టైర్లకూ 35 పీఎస్‌ఐ ఎక్కించండి. తక్కువ గాలితో హైవే వేగంలో పోతే టైరు వేడెక్కి పేలుతుంది. చక్రాల నట్లు స్పానర్‌తో ఒకసారి బిగించి, సైడ్‌వాల్స్ లోపలి వైపు కూడా చేత్తో తడమండి. రాత్రి బండి కింద, చాంబర్‌కూ వెనక డిఫరెన్షియల్‌కూ సరిగ్గా అడుగున రెండు అట్టముక్కలు పరిచి పడుకోండి. పొద్దున చాంబర్ కింది అట్ట మీద నల్లటి చుక్క కనిపిస్తే ఎల్ రొసారియో దాకా ప్రతి గంటకూ ఆగి డిప్‌స్టిక్ చూసుకోవాలి.