క్యాసెట్లు పోయి డీవీఆర్ వచ్చాక: ఏడేళ్ల అనుభవం

మా గోదాములో ఎనిమిది కెమెరాలున్నాయి. వాటి రికార్డింగు పదకొండేళ్లు వీహెచ్ఎస్ క్యాసెట్ల మీద నడిచింది. క్యాసెట్ల బదులు డిస్కు మీద రికార్డు చేసే పెట్టె, అంటే డీవీఆర్ మీద ఇది ఏడో ఏడు. ఎన్ని ఛానళ్లు, ఎంత డిస్కు అన్న లెక్కలు పెట్టె మీదే రాసి ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క సంగతి: కావలసిన నిమిషాన్ని వెతికి పట్టుకోవడం. ఈ ఏడేళ్లలో నన్ను అన్నిటికంటే సంతోషపెట్టింది అదే. ఒక రోజంతా ప్రాణం మీదికి తెచ్చిందీ అదే.

పాత పద్ధతిలో పనిచేసినవాళ్లకే ఈ సంతోషం పూర్తిగా అర్థమవుతుంది. మూడు గంటల క్యాసెట్లో 24 గంటలు పట్టించే టైమ్‌ల్యాప్స్ వీసీఆర్ మాది. టేపు ఎనిమిదో వంతు వేగంతో నడుస్తుంది కాబట్టి సెకనుకు ఆరు బొమ్మలు పడితే గొప్ప. ఆ ఆరింటినే మల్టీప్లెక్సర్, అంటే అన్ని కెమెరాల బొమ్మలనూ వంతులవారీగా ఒకే టేపు మీదికి పంపే పెట్టె, ఎనిమిది కెమెరాలకు పంచాలి. ఒక బొమ్మలో తలుపు దగ్గరున్న మనిషి, తర్వాతి బొమ్మలో బల్ల దగ్గర తేలేవాడు. మధ్యలో ఏం చేశాడో టేపులో ఉండదు. నెలకు 31 క్యాసెట్లు, వాటి వీపు మీద తేదీ చీటీలు, రోజూ ఉదయం రాగానే మార్చడం. నాలుగైదు నెలలు తిరిగేసరికి బొమ్మ మీద తెల్లటి గీతలు పారేవి. ఒక్క సరుకు లెక్క తేలాలంటే ముందుకూ వెనక్కూ తిప్పుతూ పూటంతా గడిచిపోయేది.

డీవీఆర్ వచ్చినప్పుడు కెమెరాలు మార్చలేదు, వైర్లూ మార్చలేదు. వీసీఆర్‌నూ మల్టీప్లెక్సర్‌నూ తీసేసి, అవే కేబుళ్లను కొత్త పెట్టెకు బిగించాం. మొదటి వారంలోనే ఎవరో ఒక లారీ గురించి అడగడానికి వచ్చారు. తేదీ, గంట, నిమిషం నొక్కాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చునేలోపు లారీ తెర మీద ఉంది. ఆపితే బొమ్మ వణకలేదు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే మొదట్లో నేను నలుగురికీ మెచ్చుకుంటూ చెప్పినవన్నీ ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే పద్ధతి డిస్కును ఆదా చేస్తుందని చెప్పేవాణ్ణి. రాత్రిపూట కెమెరా దీపం చుట్టూ పురుగులు తిరిగితే అదీ కదలికే. మసక వెలుగులో ఓ మూల నెమ్మదిగా నడిచే మనిషిని మాత్రం అది చాలాసార్లు పట్టించుకోలేదు. ఇప్పుడు సరుకు దించే చోట ఉన్న రెండు కెమెరాలకు నిరంతర రికార్డింగే పెట్టాను.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండేళ్ల కిందట ఒక రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే నీరసించి ఉంది, అదీ చేతులెత్తేసింది. తెల్లవారి 5:40కి కరెంటు వచ్చింది, డీవీఆర్ దానంతట అదే లేచింది. ఎనిమిది బొమ్మలూ తెర మీద ఉన్నాయి, రికార్డింగు దీపం వెలుగుతోంది. ఇంకేం కావాలి అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం 2:10కి ఒక లారీ వచ్చింది. దించినవి 42 పెట్టెలని డ్రైవరు, 40 అని మా కుర్రాడు. కుర్రాడు పనిలో చేరి మూడు నెలలే. "నేను సరిగ్గానే లెక్కపెట్టానండీ" అన్న మాట తప్ప మరొకటి అనలేకపోయాడు. డీవీఆర్ ఉండగా గొడవెందుకని తేదీ నొక్కాను. రికార్డింగులు లేవు అని వచ్చింది. క్యాలెండరు చూస్తే నిన్నటి వరకూ నిండుగా ఉంది, ఇవాళ్టి గడి ఖాళీ. డిస్కు పోయిందనే అనుకున్నాను. సాయంత్రం దాకా ఆ కుర్రాడి ముఖం చూడలేకపోయాను.

రాత్రి తొమ్మిదికి తాళాలు వేయబోతూ, తెర మూలన ఉన్న చిన్న అంకెల మీద నా కన్ను పడింది: 01-01-2000, 15:20. 5:40కి పదిహేను గంటల ఇరవై నిమిషాలు కలిపితే సరిగ్గా తొమ్మిది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించే బటన్ సెల్లు అయిపోయి, పెట్టె తన కాలాన్ని మొదటినుంచి లెక్కపెట్టుకుంటోంది. అంటే మధ్యాహ్నం 2:10 దాని లెక్కలో ఉదయం 8:30. 2000 జనవరి ఒకటి, 8:30 నొక్కాను. లారీ వచ్చి ఆగింది. మా కుర్రాడు ఐదేసి పెట్టెలకు ఒకసారి గోడ మీద సుద్దతో గీత గీస్తున్నాడు. ఎనిమిది గీతలు. ఆఖరి రెండు పెట్టెలు లారీలోనే, పట్టా కిందే ఉండిపోయాయి. సెకనుకు 25 ఫ్రేములున్నాయి కాబట్టి ప్రతి పెట్టెనూ వేలు పెట్టి లెక్కించగలిగాను. పాత టేపయితే అది కుదిరేదే కాదు.

కానీ పాత టేపు దొరకకుండానూ పోయేది కాదు. వీసీఆర్ గడియారం తప్పినా చీటీ మీద తేదీ నా చేతిరాత, టేపు తిప్పుకుంటూ పోతే ఎక్కడో తగిలేది. ఇక్కడ గడియారం తప్పితే రికార్డింగు ఉన్నా లేనట్టే.

మా గోదాములో నెలకు రెండు మూడు లెక్కల తగాదాలు వస్తాయి, కెమెరాలు ఎనిమిది, చూసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి మళ్లీ టేపు వైపు పోను. ఒకే తలుపు, ఒకే కెమెరా ఉండి ఏడాదికోసారి చూసేవారికి ఇంత తేడా తెలుస్తుందని చెప్పలేను. ఇంకొకటి, మా డీవీఆర్ నుంచి తీసిన ఫైలు దాని సొంత ప్లేయర్‌లోనే తెరుచుకుంటుంది, ఎవరికైనా ఇస్తే ఆ ప్లేయర్ కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వాలి. అలాగని క్యాసెట్ సుఖమూ కాదు. మల్టీప్లెక్సర్ లేకుండా దాన్ని చూస్తే ఎనిమిది కెమెరాలూ కలగాపులగంగా కనిపించేవి.

బటన్ సెల్లు ఆ వారమే మార్చాను. యూపీఎస్ బ్యాటరీ కూడా. ప్రతి సోమవారం ఉదయం ఫోను పక్కన పెట్టుకుని డీవీఆర్ గడియారం ఎంత తేడాగా ఉందో రిజిస్టరులో రాస్తాను. మొన్న సోమవారం నలభై సెకన్లు ముందుంది. సరిచేశాను.